పని అయిందా? వర్చువల్ అసిస్టెంట్‌కు మార్కులు వేసే పద్ధతి

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో విచారణ కౌంటరు ముందు నిలబడి "బందరు బస్సు ఎక్కడాగుద్దండీ?" అని అడిగితే, లోపల కూర్చున్న ఉద్యోగి తల ఎత్తకుండానే ప్లాట్‌ఫాం నంబరు చెప్పేస్తాడు. బస్సు బోర్డు మీద మాత్రం మచిలీపట్నం అని ఉంటుంది. బెజవాడ అంటే విజయవాడ అని, బందరు రోడ్డు అంటే మహాత్మాగాంధీ రోడ్డు అని ఈ ఊళ్లో ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పరు. అడిగేవాళ్ల నోట ఏ మాట వచ్చినా, దాని వెనక ఉన్న పని ఏమిటో కౌంటరులో మనిషికి తెలుసు.

ఇదే ప్రశ్నను ఫోనులో ఉన్న వర్చువల్ అసిస్టెంట్‌ను అడిగి చూడాలి. అది "బందరు" అనే మాట విన్నదా? విన్నా, అది ఊరి పేరని గ్రహించిందా? గ్రహించినా, రేపటి బస్సు వేళ సరిగ్గా చెప్పిందా? అక్కడితో ఆగిందా, టికెట్టు తీసిపెట్టిందా? ఒక్క ప్రశ్నలోనే నాలుగు పరీక్షలు దాగి ఉన్నాయి. కొనేటప్పుడు పెట్టె మీద రాసిన గొప్పలు చూసో, మొదటి రోజు అది పాడిన పాట వినో చాలామంది అసిస్టెంట్ బాగుందనో బాగాలేదనో తేల్చేస్తారు. ఈ నాలుగు పరీక్షలనూ విడివిడిగా పెడితే కానీ అది మనకెంతవరకు పనికొస్తోందో తేలదు.

ఉండవల్లిలో మొదలైన ప్రయోగం

కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దాటితే అవతలి ఒడ్డున ఉండవల్లి. 2025 జనవరి 30న రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి నారా లోకేశ్ అక్కడి నుంచే "మన మిత్ర" వాట్సాప్ సేవలను ప్రారంభించారు. అంతకు మూడు నెలల ముందు, 2024 అక్టోబరు 22న, మెటా సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 95523 00009 నంబరుకు "హాయ్" అని పంపితే చాలు, సేవల జాబితా ఫోనులో తెరుచుకుంటుంది. తొలి విడతలో 161 సేవలు పెట్టారు. కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్టు, దేవస్థానాల సేవలు, ధ్రువపత్రాలు, అర్జీలు అన్నీ ఒకే చోట దొరికాయి. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఇంటర్మీడియెట్ ఫలితాలు, 23న పదో తరగతి ఫలితాలు కూడా ఇదే నంబరు ద్వారా పిల్లల చేతికి అందాయి.

దీనికి ముందు కాలాలను తలచుకుంటే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. రిజిస్ట్రారు కచేరీ బయట బల్ల వేసుకున్న దస్తావేజు లేఖరి ఒకప్పుడు జనానికి అసిస్టెంట్. 2011లో వచ్చిన మీసేవ కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఆ తర్వాతి అసిస్టెంట్. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయం ఆ కౌంటరును వీధి చివరికే తెచ్చింది. ఇప్పుడది ఫోనులోకే వచ్చింది.

ఇలాంటి సేవను ఎలా కొలవాలి? 161 అనేది సేవల లెక్క. అది పెట్టినవాళ్ల వైపు నుంచి చూసిన అంకె. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే వేరే లెక్క కావాలి: మొదలుపెట్టిన వందమందిలో ఎంతమందికి చివరికి కాగితం చేతికొచ్చింది? అందులో ఎంతమందికి మొదటి ప్రయత్నంలోనే వచ్చింది?

పరీక్ష ఫలితాల విషయంలో ఈ లెక్క తేలిక. హాల్ టికెట్ నంబరు కొడితే మార్కులు వస్తాయి. వచ్చాయో లేదో, తనవో కావో పిల్లవాడికి వెంటనే తెలిసిపోతుంది. అర్జీ సంగతి వేరు. "మీ అర్జీ నమోదైంది" అని నంబరు రావడం ఒక మెట్టు, వీధి చివర డ్రెయిన్ నిజంగా బాగుపడటం ఇంకో మెట్టు. మొదటి మెట్టుతోనే పని అయిపోయిందని టిక్కు పెట్టుకుంటే, ఏ అసిస్టెంట్‌కైనా నూటికి నూరు మార్కులు పడతాయి, డ్రెయిన్ మాత్రం పొంగుతూనే ఉంటుంది. అందుకే కొలతలో మొదటి నియమం: "రసీదు వచ్చిందా?" అని కాక "పని అయిందా?" అని అడగాలి.

మాట తీపి, పని వేరు

1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త "ఎలిజా" అనే ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. అవతలి మనిషి టైపు చేసిన వాక్యంలోని మాటలనే తిప్పి ప్రశ్నగా వేయడం తప్ప దానికి ఇంకేమీ రాదు. "మా అమ్మ మీద కోపంగా ఉంది" అంటే "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనే తరహా. ఆ ప్రోగ్రాం తయారవుతుండగా దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శే, కాసేపు దానితో మాట్లాడాక, తనను ఒంటరిగా వదిలి గదిలోంచి వెళ్లమని ఆయన్ను కోరింది. వైజెన్‌బామ్ దీంతో కలవరపడ్డాడు. తర్వాత పదేళ్లకు రాసిన పుస్తకంలో యంత్రాల మాటలకు మనుషులు ఇంత సులువుగా లొంగిపోవడం గురించి హెచ్చరించాడు.

నేటి అసిస్టెంట్లు ఎలిజా కంటే ఎన్నో రెట్లు తెలివైనవి. వాటి మాట మరీ మెత్తన. "తప్పకుండా అండీ", "చాలా మంచి ప్రశ్న అడిగారు" అంటూ మొదలుపెడితే వినేవాళ్ల మనసు సగం కరిగిపోతుంది. మర్యాదకు విలువ లేకపోలేదు. గదమాయించే కౌంటరు దగ్గరికి ఎవరు వెళ్తారు? అయితే మర్యాదకు వేసే మార్కులు, పనికి వేసే మార్కులు ఒకే గళ్లో పడకూడదు.

1997లో ఏటీ అండ్ టీ ప్రయోగశాల పరిశోధకులు నలుగురు "పారడైజ్" అనే పద్ధతి ప్రతిపాదించారు. ఫోనులో మాట్లాడే యంత్రాలను కొలవడానికి వాళ్లు రెండు తట్టల త్రాసు కట్టారు. ఒక తట్టలో పని ఎంతవరకు నెరవేరిందన్నది. రెండో తట్టలో దానికోసం పడ్డ ఖర్చు: ఎన్నిసార్లు మాట్లాడాల్సి వచ్చింది, ఎన్నిసార్లు చెప్పిందే చెప్పాల్సి వచ్చింది, ఎంతసేపు పట్టింది. ఈ రెండూ కలిస్తేనే వాడేవాళ్ల తృప్తి. దాదాపు 30 ఏళ్లయినా ఆ త్రాసు పాతబడలేదు, ఇంట్లో ఎవరైనా కట్టుకోవచ్చు.

వినికిడి పరీక్ష

మాట విని రాసే యంత్రాలకు ప్రపంచమంతా వాడే కొలత "పదదోష శాతం". యంత్రం మార్చేసిన పదాలు, వదిలేసిన పదాలు, లేనివి చేర్చిన పదాలు మూడూ కూడి, అసలు పలికిన పదాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. రష్యా గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో చెప్పిన, ఒక వరసను ఇంకో వరసగా మార్చడానికి ఎన్ని దిద్దుబాట్లు కావాలన్న లెక్కే దీనికి మూలం.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ కొలత తడబడుతుంది. ఎందుకో రెండు వాక్యాలు దగ్గరగా చూస్తే అర్థమవుతుంది.

"రేపు పొద్దున బందరు వెళ్లే మొదటి బస్సు ఎన్నింటికి ఉంది" అని ఒకరు అడిగారనుకుందాం. ఎనిమిది పదాలు. ఫోను "రేపు పొద్దున బందర్ వెళ్ళే మొదటి బస్ ఎన్నింటికి ఉంది" అని రాసుకుంది. లెక్క ప్రకారం మూడు పదాలు తప్పు, అంటే 37.5 శాతం దోషం. అర్థానికి మాత్రం గోరంత లోటు లేదు. ఇప్పుడు రెండో వాక్యం. "ఈ నెల కరెంటు బిల్లు కట్టాను" అని చెబితే ఫోను "ఈ నెల కరెంటు బిల్లు కట్టను" అని రాసుకుంది. అయిదు పదాల్లో ఒక్కటే తప్పు, 20 శాతం. పోయింది ఒక్క దీర్ఘం. కానీ కట్టేసిన మనిషి కట్టనని మొండికేసినవాడైపోయాడు!

పదాలు కలిసిపోవడం ఇంకో చిక్కు. "ఎక్కడ ఉంది" అన్నదాన్ని "ఎక్కడుంది" అని రాస్తే తెలుగువాడికి అది తప్పే కాదు. పదదోష లెక్కలో రెండు తప్పులు: ఒక పదం మారింది, ఒకటి మాయమైంది. ప్రత్యయాలు, విభక్తులు అన్నీ పదానికే అతుక్కునే భాషలో కంపెనీ ప్రకటించే శాతం మీద మాత్రమే ఆధారపడితే మోసపోతాం. తెలుగులో అసిస్టెంట్‌ను పరీక్షించేవాళ్లు శాతంతోపాటు "అర్థం చెడిందా?" అన్న గడి కూడా పెట్టుకోవాలి.

ఎవరి గొంతు అన్నదీ ముఖ్యమే. 2020లో అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల మాట గుర్తించే యంత్రాలను పరిశోధకులు పరీక్షించారు. శ్వేతజాతి వాళ్లు మాట్లాడితే సగటున వందకు 19 పదాలు తప్పు పోతే, నల్లజాతి వాళ్లు మాట్లాడితే 35 పోయాయి. యంత్రం ఎవరి గొంతు విని పెరిగిందో వాళ్ల మాటే దానికి బాగా తెలుస్తుంది. దివిసీమలో చేపల చెరువు గట్టు మీద గాలిలో మాట్లాడే మనిషి, పటమటలో ఏసీ గదిలో మాట్లాడే మనిషి ఇద్దరివీ ఒకటే తెలుగు, ఫోను చెవికి మాత్రం ఒకటి కాకపోవచ్చు. 2022 జులైలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ "భాషిణి" పథకం, ఐఐటీ మద్రాసులోని "ఏఐ4భారత్", హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మామూలు జనం మాట్లాడే మాటలను సేకరించడానికి ఇంత శ్రమపడటం వెనక ఉన్న అవసరం ఇదే. ఇంట్లో పరీక్ష పెట్టేటప్పుడు కూడా కాలేజీలో చదివే మనవడు ఒక్కడే అడిగి మార్కులు వేస్తే సరిపోదు. అదే ప్రశ్న నాయనమ్మ అడగాలి. ఒకసారి గదిలో, ఒకసారి ఫ్యాను కింద, ఒకసారి రోడ్డు పక్కన.

బస్తా అంటే ఎంత?

మాట సరిగ్గా వినడం ఒక ఎత్తు, అందులో ఊరి సంగతి తెలియడం ఒక ఎత్తు. కృష్ణా డెల్టాలో వరి రైతు దిగుబడిని క్వింటాళ్లలో చెప్పడు, బస్తాల్లో చెబుతాడు. ఇక్కడ ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. "ఎకరానికి 30 బస్తాలు అయినయ్, మద్దతు ధర ప్రకారం ఎంతొస్తుంది?" అని అడగడం అసిస్టెంట్‌కు పెట్టగల మంచి పరీక్షల్లో ఒకటి.

2025-26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ముప్ఫై బస్తాలంటే 22.5 క్వింటాళ్లు. రావాల్సింది రూ.53,302. అసిస్టెంట్ బస్తాను 50 కిలోలుగా తీసుకుంటే 15 క్వింటాళ్లే అవుతాయి, జవాబు రూ.35,535 అని వస్తుంది. తెలుగు చక్కగా ఉంటుంది, గుణకారంలో తప్పు ఉండదు, ఎకరం మీద రూ.17 వేలకు పైగా తేడా మాత్రం ఉంటుంది. పాత ఏడాది ధర పట్టుకుంటే ఇంకో తేడా. మంచి అసిస్టెంట్ ఇక్కడ ఒక్క చిన్న పని చేస్తుంది. "బస్తా 75 కిలోలేనా?" అని తిరిగి అడుగుతుంది. ఆ ఎదురు ప్రశ్నను విసుగ్గా తీసుకోకుండా దానికి మార్కు వేయాలి.

సమాచారం ఎంత తాజాదో చూడటానికి మరో తేలిక ప్రశ్న ఉంది: "విజయవాడ ఏ జిల్లాలో ఉంది?" 2022 ఏప్రిల్ 4 దాకా జవాబు కృష్ణా జిల్లా. ఆ రోజు జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది, కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రంగా మిగిలింది. పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో పాత మాట ఇంకా కోకొల్లలు. వాటినే చదివి పెరిగిన యంత్రం పాత జవాబే అప్పజెప్పే ప్రమాదం ఉంది. ధ్రువపత్రం దరఖాస్తులో జిల్లా పేరు తప్పు పడితే తిప్పలు ఎవరికో చెప్పనక్కర్లేదు.

నోటుపుస్తకంలో నిమిషాలు

"ఇది వచ్చాక నాకు చాలా టైము కలిసొస్తోంది" అనేది తరచూ వినే మాట. నిజమే కావచ్చు. కానీ మనిషికి కలిగే భావన గడియారం కాదని 2025 జులైలో "మీటర్" అనే అమెరికా పరిశోధన సంస్థ ప్రకటించిన ప్రయోగం చూపించింది. అనుభవం పండిన 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులు ఇచ్చి, కొన్ని ఏఐ సాయంతో, కొన్ని సాయం లేకుండా చేయించారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక అడిగితే మాత్రం, ఏఐ వల్ల 20 శాతం తొందరగా అయిందని వాళ్లు చెప్పారు. వృత్తిలో ఆరితేరినవాళ్లకే ఇంత భ్రమ కలిగితే, ఇంట్లో ఫోను వాడేవాళ్లకు కలగదా? ఆ ఫలితం ఆ 16 మందికి, ఆ పనులకు, ఆనాటి పరికరాలకు చెందిందే. అందరికీ అదే జరుగుతుందని కాదు. గడియారం చూసి రాసుకోనిదే తెలియదన్నదే అందులోని పాఠం.

విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల దుకాణం యజమానిని ఊహించుకుందాం. బాకీదారులకు గుర్తుచేసే మెసేజీలు, సరుకు ఆర్డర్లు, లెక్కలు అసిస్టెంట్‌కు అప్పగించాడు. ఒక వారం నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి రాసుకున్నాడు: పని, ఎన్నో ప్రయత్నంలో అయింది, ఎన్ని నిమిషాలు, తప్పు ఉంటే ఏమిటి. వారంలో 20 పనులు. మొదటిసారికే 13 అయ్యాయి, ఒక్కోటి నిమిషం. మళ్లీ చెబితే 4 అయ్యాయి, ఒక్కోటి నాలుగు నిమిషాలు. మూడు కానే కాలేదు. వాటి మీద మూడేసి నిమిషాలు వృథా పోయాక, పాత పద్ధతిలో ఆరేసి నిమిషాలు పెట్టి తనే చేసుకున్నాడు. మొత్తం 56 నిమిషాలు. ఇరవైనీ సొంతంగా చేసుకుంటే 120 పట్టేవి. మిగిలింది 64 నిమిషాలు.

శుక్రవారం గడిలో మాత్రం ఇంకో సంగతి రాసి ఉంది. రూ.1,250 బాకీ ఉన్నాయనకు రూ.12,500 అని మెసేజీ వెళ్లింది. పాత ఖాతాదారు. ఫోను చేసి, ఖాతా పుస్తకం తెరిచి, నచ్చజెప్పడానికి 40 నిమిషాలు పట్టింది. అది తీసేస్తే మిగిలింది 24 నిమిషాలు. ఆ ఖాతాదారు మనసులో పడ్డ ముల్లుకు నోటుపుస్తకంలో గడి లేదు. అందుకే తప్పులన్నిటినీ ఒకే కట్ట కట్టకూడదు. ఒక పాట బదులు ఇంకో పాట మోగితే తప్పు అరమార్కుది. డబ్బు, మందు మోతాదు, పురుగుమందు కొలత, కోర్టు తేదీ తప్పితే అది పది మార్కుల తప్పు. అలాంటి పనుల్లో అసిస్టెంట్ చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి పట్టే నిమిషాలు కూడా దాని ఖాతాలోనే పడాలి.

ఒక వారం లెక్కతోనే తీర్పు చెప్పేయకూడదు. ఇరవైలో 13 అంటే 65 శాతం. కానీ ఇంత చిన్న నమూనాతో అసలు సామర్థ్యం సుమారు 43 నుంచి 82 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని సంఖ్యాశాస్త్రం చెబుతుంది. వంద పనులు రాసుకుని అందులో 65 అయితే, ఆ హద్దులు 55, 74 దాకా దగ్గరపడతాయి. నెల రోజుల ఓపిక పెడితే దుకాణదారుకు ఏది అప్పగించాలో, ఏది చేతిలో ఉంచుకోవాలో తేలిపోతుంది. బాకీ మెసేజీ రాయడం దానికి, అంకె వేయడం తనకు అన్న పంపకం ఆ నోటుపుస్తకం నుంచే పుడుతుంది.

తప్పు చెబితే పూచీ ఎవరిది?

కెనడాలో ఒక వ్యక్తి, దగ్గరి బంధువు చనిపోతే, అంత్యక్రియలకు వెళ్లేందుకు ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను ఛార్జీల రాయితీ గురించి అడిగాడు. ముందు టికెట్టు కొనుక్కుని, 90 రోజుల్లోగా రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. సంస్థ అసలు నియమం అది కాదు. డబ్బు తిరిగి ఇవ్వబోమని చెప్పింది. చాట్‌బాట్ మాటలకు తమ పూచీ లేదన్న సంస్థ వాదనను 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి సమాచారానికీ సంస్థే బాధ్యత వహించాలని తేల్చి, 650 కెనడా డాలర్ల పైచిలుకు నష్టపరిహారం ఇప్పించింది.

ఆ ప్రయాణికుడు గెలవడానికి ఒక కారణం, చాట్‌బాట్ చెప్పిన మాటను తెర మీద ఉన్నదున్నట్టు ఫొటో తీసి దాచుకోవడం. కృష్ణా తీరంలో వాట్సాప్‌లో పని నడిపే ప్రతి ఒక్కరికీ ఇది పనికొచ్చే అలవాటు. అర్జీ నంబరు, తేదీ, అవతలి నుంచి వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

పది ప్రశ్నల కాగితం

ఇదంతా ఇంట్లో ఆచరించడానికి ఒక కాగితం చాలు. తను రోజూ చేసే పనుల్లోంచి పది ప్రశ్నలు ఎంచి రాసుకోవాలి, పుస్తకాల్లోంచి కాదు. బందరు బస్సు ఒకటి. బస్తాల లెక్క ఒకటి. విజయవాడ జిల్లా ఒకటి. "కట్టాను", "కట్టను" తేడా పట్టించే వాక్యం ఒకటి. బీపీటీ 5204 అన్నా, సాంబ మసూరి అన్నా ఒకటే వరి అని తెలుసో లేదో చూసేది ఒకటి. దాళ్వా అంటే రబీ వరి అని అర్థమైందో లేదో తేల్చేది ఒకటి. కరెంటు బిల్లు కట్టించేది, ఫలానా రోజు పొద్దున గుర్తుచేయమనేది, సగంలో మాట మార్చి "కాదు కాదు, ఎల్లుండి" అనేది. ప్రతి దానికీ నాలుగు గళ్లు: విన్నదా, గ్రహించిందా, చేసిందా, ఎన్ని నిమిషాలు. అసిస్టెంట్లు తరచూ మారుతుంటాయి కనుక మూడు నెలలకోసారి అవే ప్రశ్నలు, అదే గొంతుతో మళ్లీ అడగాలి.

పదో ప్రశ్నను మాత్రం జవాబు దానికి తెలిసే వీలు లేనిదిగా పెట్టాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్లిన వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రెండు రోజులు చూసినవాళ్లకు వానాకాలంలో ఒక ప్రశ్న ఎప్పుడూ మనసులో మెదులుతుంది: "ఈ రాత్రి మా వీధిలోకి నీళ్లొస్తాయా?" దీనికి అసిస్టెంట్ ధీమాగా రావని చెప్పినా, వస్తాయని చెప్పినా సున్నా వేయాలి. బ్యారేజీ దగ్గర ఫలానా గంటకు ఇంత ప్రవాహం ఉందని, మీ వీధి సంగతి తనకు తెలియదని, కలెక్టరేట్ కంట్రోల్ రూముకు ఫోను చేయమని, నంబరు ఇదని చెబితే ఆ గడిలో పూర్తి మార్కులు వేసి, పక్కన తేదీ రాసి పెట్టుకోవాలి.